రెండు సెకన్ల మెరుపుకు కాపలా ఎవరు?

ఆకాశంలో ఏదో ఒక మూల రోజుకు దాదాపు ఒక గామా కిరణాల పేలుడు భూమి దాకా వచ్చి తగులుతుంది. మన కంటికి అది కనపడదు. గాలి పొర దాన్ని మింగేస్తుంది కాబట్టి నేల మీది పరికరానికి కూడా నేరుగా చిక్కదు. వాటిలో కొన్ని రెండు సెకన్లు కూడా నిలవవు. ఆ రెండు సెకన్లలో పైన ఎవరైనా కాపలా కాస్తుంటేనే అది జరిగినట్టు మనకు తెలుస్తుంది. లేకపోతే జరగనట్టే లెక్క.

ఇప్పుడు ఆ కాపలాదారులు ఒక్కొక్కరే ముసలివాళ్లయ్యారు. ఐరోపా వాళ్ల ఇంటెగ్రల్ ఉపగ్రహం 2002 అక్టోబరులో ఎగిరింది. 2025 ఫిబ్రవరి 28న దాని పరిశోధన పని ముగిసింది. 2004 నవంబరులో వెళ్లిన అమెరికా వాళ్ల స్విఫ్ట్‌కు తనను తాను పైకి లేపుకునే ఇంజను లేదు. సూర్యుడు చురుకైనప్పుడు పై గాలి పొర ఉబ్బుతుంది, ఆ రాపిడికి స్విఫ్ట్ ఏటా కిందికి జారుతోంది. దాన్ని మళ్లీ పైకి నెట్టే పనిని నాసా 2025 సెప్టెంబరులో కాటలిస్ట్ అనే ప్రైవేటు సంస్థకు 3 కోట్ల డాలర్లకు అప్పగించింది. 2008 జూన్‌లో వెళ్లిన ఫెర్మికి 2018 మార్చిలో ఒక సౌర పలక తిరిగే యంత్రం బిగుసుకుపోయింది. అయినా పని చేస్తూనే ఉంది.

మన ఆస్ట్రోశాట్ సంగతీ అంతే. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ సీ-30 మీద వెళ్లింది. ఐదేళ్లు పని చేస్తే చాలనుకుని కట్టారు. 2025 సెప్టెంబరు 28కి పదేళ్లు నిండాయి. దాని తరవాత ఈ పనికి ఎవరిని పెట్టాలి అన్నదే మన దేశం ముందున్న ప్రశ్న. వాడిపట్టిలో, కోయంబత్తూరులో ఉండే మనకు దీంతో ఏం పని అని అడిగేవాళ్లుంటారు. పని ఉంది. మన ఇళ్లలోని బంగారం పుట్టుకతోనూ, మన పిల్లల చదువుతోనూ దీనికి లంకె ఉంది.

బాంబుల కోసం పెట్టిన కాపలా

ఈ పేలుళ్లు బయటపడిన తీరే విచిత్రం. 1963లో అణు పరీక్షల మీద పాక్షిక నిషేధ ఒప్పందం కుదిరింది. రష్యా వాళ్లు చాటుగా అంతరిక్షంలో బాంబు పేలుస్తారేమోనని అమెరికా వేలా అనే ఉపగ్రహాలను జంటలుగా పంపింది. అణుబాంబు పేలితే గామా కిరణాలు వస్తాయి, వాటిని పట్టాలన్నది ఆలోచన. 1967 జూలై 2న వాటికి గామా మెరుపు ఒకటి చిక్కింది. కానీ అది బాంబు మెరుపులా లేదు. భూమి నుంచి వచ్చిందీ కాదు, సూర్యుడి నుంచి వచ్చిందీ కాదు. అలాంటివి మరికొన్ని పోగయ్యాక, 1973లో గానీ ఆ విషయం లోకానికి తెలియలేదు.

అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియడానికి ఇంకో పాతికేళ్లు పట్టింది. 1991లో వెళ్లిన కాంప్టన్ ఉపగ్రహం తొమ్మిదేళ్లలో 2,700కు పైగా పేలుళ్లను పట్టింది. అవి పాలపుంత పట్టీ వెంబడి గుమిగూడలేదు, ఆకాశమంతా సమానంగా చల్లినట్టు ఉన్నాయి. అంటే మన పాలపుంత దాటి, చాలా దూరం నుంచి వస్తున్నాయన్న అనుమానం బలపడింది. ఆ లెక్కల్లోనే ఇంకో సంగతి 1993లో తేలింది. ఈ పేలుళ్లు రెండు జాతులు. రెండు సెకన్ల కన్నా ఎక్కువ నిలిచేవి ఒక జాతి, అంతకన్నా పొట్టివి ఇంకో జాతి. పొడవాటివి పెద్ద నక్షత్రాలు కూలిపోయేటప్పుడు పుడతాయని తరవాత తెలిసింది. పొట్టివాటి పుట్టుక మాత్రం చాలాకాలం చిక్కుముడిగానే మిగిలింది. కారణం ఒక్కటే. అవి ఎక్కడ పేలాయో సరిగ్గా గురిపెట్టి చూపేలోపు ఆరిపోతాయి.

ఎక్కడ పేలిందో ఎలా కనిపెడతారు?

మామూలు దుర్భిణి అద్దంతో వెలుగును ఒకచోటికి చేరుస్తుంది. గామా కిరణాలు అద్దానికి లొంగవు, దూసుకుపోతాయి. అందుకని దిక్కు తెలుసుకోవడానికి వేరే ఉపాయాలు కావాలి. ముఖ్యంగా నాలుగున్నాయి.

మొదటిది, ఏ గోడ ఎక్కువ కాగిందో చూడడం. ఇంటికి నాలుగు గోడలుంటే ఎండ పడిన గోడే ఎక్కువ వేడెక్కుతుంది. గోడలు తడిమి చూస్తే సూర్యుడు ఏ వైపున్నాడో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఫెర్మి మీద వేర్వేరు దిక్కులకు తిప్పి పెట్టిన 14 గ్రాహకాలున్నాయి. ఏది ఎంత మెరుపు పట్టిందో పోల్చి దిక్కు చెబుతాయి. ఆకాశం మొత్తాన్ని ఒకేసారి చూడగలగడం దీని బలం, గురి కొన్ని డిగ్రీల మేర అటూ ఇటూ కావడం దీని బలహీనత.

రెండోది, జాలి నీడ. కిటికీ జాలి గుండా ఎండ పడితే నేల మీద దాని నీడ ముగ్గులా పడుతుంది. ఎండ జరిగితే నీడా జరుగుతుంది. స్విఫ్ట్ మీద సీసపు పలకలతో చేసిన అలాంటి జాలి ఉంది. నీడ ఎంత జరిగిందో చూసి దిక్కును చాలా సన్నగా చెబుతుంది. వెంటనే ఉపగ్రహమే అటు తిరిగి ఎక్స్ కిరణాల దుర్భిణితో చూస్తుంది. 2005 మే 9న ఒక పొట్టి పేలుడు చోటును ఇలా మొదటిసారి సన్నగా పట్టింది స్విఫ్టే.

మూడోది, వేళల తేడా. తిరునాళ్లలో ఔటు పేలితే సోళవందాన్‌లో ఉన్నవాడికి ఒక వేళకు, వాడిపట్టిలో ఉన్నవాడికి ఒక వేళకు, నిలకోట్టైలో ఉన్నవాడికి ఇంకో వేళకు చప్పుడు వినపడుతుంది. ముగ్గురి గడియారాలూ సరిగ్గా ఉంటే ఔటు ఎక్కడ పేలిందో లెక్కకట్టొచ్చు. గామా కిరణాలు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి కాబట్టి ఆ ముగ్గురూ చాలా దూరదూరంగా ఉండాలి. భూమికి ఆ పక్కా ఈ పక్కా ఉన్న రెండు ఉపగ్రహాల మధ్య తేడా సెకనులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అందుకే ఒక గ్రహం దాకా పోయిన నౌకలను కూడా ఈ పనిలో కలుపుకుంటారు. ఇక్కడ ఏ దేశమూ ఒంటరిగా ఏమీ చేయలేదు.

నాలుగోది మరీ తమాషా. కనపడకపోవడం కూడా సాక్ష్యమే. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహానికి ఆకాశంలో ఒక పెద్ద ముక్కను భూమే కప్పేస్తుంది. అందరికీ కనపడిన మెరుపు నీకు కనపడలేదంటే, అది భూమి చాటున్న ముక్కలోనే పేలి ఉండాలి.

2017 ఆగస్టు 17: ఒక్కటే, కానీ చాలు

పొట్టి పేలుళ్ల చిక్కుముడి ఆ రోజు వీడింది. అమెరికాలోని లైగో, ఇటలీలోని వర్గో గురుత్వ తరంగాలను వినే యంత్రాలు. అక్కడ రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి ఢీకొన్న అలజడి నమోదైంది. న్యూట్రాన్ నక్షత్రమంటే మదురై పట్టణమంత సైజులో సూర్యుడికన్నా బరువైన ముద్ద. ఆ అలజడి ముగిసిన 1.7 సెకన్లకు ఫెర్మి ఒక పొట్టి గామా మెరుపును పట్టింది. ఇంటెగ్రల్‌కు కూడా అది చిక్కింది. ఆ ఢీయే ఈ మెరుపు అని రుజువైంది.

ఫెర్మి చూపిన చోటు పెద్దది. లైగోకు వర్గో తోడై దాన్ని 28 చదరపు డిగ్రీలకు కుదించాయి. ఆకాశంలో 140 నిండు చందమామలు పట్టేంత జాగా అది. వర్గోలో ఆ అలజడి దాదాపు వినపడలేదు. వినపడకపోవడం వల్లే, అది వర్గోకు చెవుడున్న దిక్కునే జరిగిందని తేలింది. మన ఆస్ట్రోశాట్‌కు కూడా ఆ మెరుపు కనపడలేదు, భూమి అడ్డొచ్చింది. ఆ చూడకపోవడం సైతం జాగాను కుదించడానికి పనికొచ్చింది. 11 గంటలు తిరిగేలోపే చిలీలోని ఒక మీటరు దుర్భిణి ఎన్‌జీసీ 4993 అనే నక్షత్ర మండలంలో కొత్త వెలుగును చూసింది. అది మనకు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. 13 కోట్ల ఏళ్లు కలిసి ప్రయాణం చేసి, గురుత్వ తరంగమూ వెలుగూ 1.7 సెకన్ల తేడాతో వచ్చాయి. రెండింటి వేగమూ ఒక్కటేనని అంతకన్నా గట్టి రుజువు ఉండదు.

ఆ వెలుగు మొదట నీలంగా ఉండి, కొద్ది రోజుల్లో ఎర్రబారింది. బరువైన మూలకాలు కొత్తగా పుడుతున్నప్పుడు అలాగే జరగాలని అంతకుముందే లెక్కలు చెప్పాయి. ఆ వెలుగులో స్ట్రాన్షియం గుర్తును 2019లో చూశారు. 2023 మార్చిలో వచ్చిన ఇంకో పేలుడు తరవాత టెలూరియం గుర్తును జేమ్స్ వెబ్ దుర్భిణి పట్టింది. బంగారం, ప్లాటినం కూడా ఈ వంటింటి సరుకులే. మన ఇంటి ఆడవాళ్ల మెడలోని బొట్టు బంగారం ఏ గనిలో తవ్వినా, దాని పుట్టుక భూమి మీద కాదు. భూమి పుట్టకముందే ఇలాంటి ఏదో ఢీకొట్టుడులో అది తయారైంది.

అన్నీ ఢీకొట్టుడులోనే పుట్టాయని కూడా చెప్పలేం. 2004 డిసెంబరు 26న సునామీ మన తీరాన్ని ముంచింది కదా, రెండో రాత్రి మన పాలపుంతలోనే ఉన్న ఒక అయస్కాంత నక్షత్రం భయంకరంగా మెరిసింది. ఉపగ్రహాలన్నీ దాన్ని నమోదు చేశాయి. సునామీకి దీనికి సంబంధం లేదు, సునామీయే ముందు వచ్చింది. ఇరవయ్యేళ్ల తరవాత, 2025లో, ఆ పాత లెక్కలను మళ్లీ తీసి చూసిన శాస్త్రవేత్తలు ఆ మెరుపులో కూడా బరువైన మూలకాలు పుట్టాయని చెప్పారు. అప్పుడు కాపలా కాసి రాసి పెట్టారు కాబట్టి ఇప్పుడు పనికొచ్చింది. కాపలా విలువ అదే. ఏ రోజు లెక్క ఎప్పుడు అక్కరకొస్తుందో ముందుగా తెలియదు.

రెండోసారి ఎందుకు దొరకలేదు?

గురుత్వ తరంగమూ, గామా మెరుపూ, వెలుగూ మూడూ కలిసి చిక్కింది 2017లో ఒక్కసారే. 2019 ఏప్రిల్ 25న మళ్లీ రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న అలజడి వినపడింది. కానీ ఆ వేళ అమెరికాలోని రెండు లైగోల్లో ఒకటి ఆగి ఉంది. అందుకని చోటు 8,000 చదరపు డిగ్రీలు దాటింది. మొత్తం ఆకాశంలో అయిదోవంతు. గడ్డివాములో సూది అంటే అదే. ప్రపంచమంతా వెతికినా వెలుగు దొరకలేదు.

దీన్నుంచి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, నేల మీద వినే చెవులు ఇంకా కావాలి. రెండు, పైన చూసే కళ్లు ఎప్పుడూ తెరిచే ఉండాలి. ఒకటి ఉండి ఒకటి లేకపోతే ప్రయోజనం సగమే.

మొదటి పనికి మన దేశం సిద్ధమైంది. మహారాష్ట్రలోని హింగోళి జిల్లా ఔంఢా నాగనాథ్ దగ్గర లైగో-ఇండియా కడుతున్నారు. కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో దాదాపు 2,600 కోట్ల రూపాయలకు ఒప్పుకుంది. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న నేల అది. అమెరికాకు, ఐరోపాకు దూరంగా మన దగ్గర ఒక చెవి ఉంటే, వేళల తేడా బాగా తెలిసి, చోటు గుర్తు పట్టడం చాలా సులువవుతుంది.

ఇక రెండో పని. ఆస్ట్రోశాట్ మీద సీజెడ్‌టీఐ అనే పరికరం ఉంది. కాడ్మియం జింక్ టెల్యూరైడ్ అనే పలుకులతో చేసినది. నిజానికి దాన్ని ముందువైపు చూడడానికే పెట్టారు. కానీ బలమైన గామా కిరణాలు దాని పక్కగోడల గుండా కూడా దూరిపోతాయి కాబట్టి, అది చుట్టూ ఉన్న ఆకాశానికంతటికీ కాపలా అయింది. 2015 అక్టోబరు 6న పని మొదలుపెట్టిన రోజే ఒక గామా పేలుడును పట్టింది. 2023 నవంబరు నాటికి లెక్క 600కు చేరింది.

అది ఒక తగువు కూడా తీర్చింది. 2017 జనవరి 4న లైగోకు రెండు కృష్ణ బిలాలు కలిసిన అలజడి వినపడింది. ఆ చోట వెతుకుతుంటే అట్లాస్ అనే దుర్భిణికి ఆరిపోతున్న కొత్త వెలుగొకటి కనపడింది. కృష్ణ బిలాలు కలిస్తే వెలుగు రాకూడదు. నిజంగా వచ్చి ఉంటే పుస్తకాలే మార్చి రాయాలి. ఆస్ట్రోశాట్ లెక్కలు చూస్తే, లైగో అలజడి తరవాత దాదాపు 21 గంటలకు వేరే గామా పేలుడు ఒకటి నమోదై ఉంది. ఆ వెలుగు దాని తాలూకు కాక మాత్రమే, కృష్ణ బిలాలతో సంబంధం లేదని తేలింది. తప్పు దారిన పోకుండా లోకాన్ని ఆపింది శ్రీహరికోట నుంచి ఎగిరిన కాపలాదారుడు.

దక్ష: కాగితం మీది కాపలా

ఆస్ట్రోశాట్ తరవాత ఈ పనికి మన శాస్త్రవేత్తలు దక్ష అనే ప్రతిపాదన తయారుచేశారు. ఐఐటీ బొంబాయి ముందుండగా, టాటా మౌలిక పరిశోధన సంస్థ, అహ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాల, బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ, పుణేలోని ఐయూకా కలిసి చేసిన ఆలోచన ఇది. రెండు జంట ఉపగ్రహాలు భూమికి అటొకటి ఇటొకటి తిరుగుతాయి. ఒకదానికి భూమి అడ్డొస్తే ఇంకోదానికి కనపడుతుంది. ఒక్కోదాని మీద గుమ్మటంలా అన్ని దిక్కులకూ గ్రాహకాలు పేర్చి ఉంటాయి. 2017 ఆగస్టు 17న మన కంటికి భూమి అడ్డొచ్చింది కదా, ఆ లోటును పూడ్చడానికే ఈ జంట.

చైనా ఇప్పటికే ముందుకు పోయింది. 2024 జనవరిలో ఐన్‌స్టీన్ ప్రోబ్‌ను, అదే ఏడు జూన్‌లో ఫ్రాన్సుతో కలిసి ఎస్‌వామ్‌ను పంపింది. మనం 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్‌ను పంపాం. అయితే అది ఒక చోటును గురిపెట్టి చాలాసేపు చూసే రకం, ఆకాశమంతటికీ కాపలా కాసేది కాదు.

ఇంత ఖర్చు అవసరమా, వైగైలో నీళ్లు, ఊళ్లో రోడ్లు ముందు చూసుకోవద్దా అనే ప్రశ్న న్యాయమైనదే. జవాబు లెక్కల్లో చెప్పాలి. ఆస్ట్రోశాట్‌కు అయిన ఖర్చు 180 కోట్ల రూపాయల లోపే. లైగో-ఇండియాకు 2,600 కోట్లు పెట్టడానికి ఇప్పటికే ఒప్పుకున్నాం. ఆ యంత్రం రేపు ఒక ఢీని విన్నప్పుడు, పైన మెరుపును చూసే మన కన్ను లేకపోతే, ఎవరి ఉపగ్రహం ఏం చెబుతుందా అని ఎదురుచూడాల్సి వస్తుంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు అవుతుంది. ఉపగ్రహం కట్టడానికి ఏళ్లు పడుతుంది. రెండూ ఒకే వేళకు సిద్ధంగా ఉండాలంటే నిర్ణయం ఆలస్యం కాకూడదు. దీన్నుంచి రేపే రైతుకు లాభమొస్తుందని చెప్పడం మోసం. అయితే ఆస్ట్రోశాట్‌లో వాడిన పలుకుల జాతినే ఆసుపత్రి స్కానింగ్ యంత్రాల్లోనూ వాడుతున్నారన్నది నిజం. ఆ పని చేతకావడం దేశానికి దక్కే ఆస్తి.

మన పక్క, మన పిల్లలు

మనకు ఇది కొత్త లోకం కాదు. మనకు పడమటనున్న కొడైకానల్‌లో 1901 నుంచి సూర్యుణ్ని చూస్తున్నారు. సూర్యుడి మచ్చల దగ్గర వాయువు ప్రవహించే తీరును 1909లో ఎవర్‌షెడ్ కనిపెట్టింది అక్కడే. కోయంబత్తూరు వాళ్లకు పైనున్న ఊటీలో విశ్వ కిరణాలను పట్టే గ్రేప్స్-3 ఉంది. లద్దాఖ్‌లోని హాన్లేలో, నేల మీది నుంచే గామా కిరణాల జాడ తీసే 21 మీటర్ల మేస్ దుర్భిణిని 2024 అక్టోబరులో ప్రారంభించారు. దాన్ని కట్టింది హైదరాబాదులోని ఈసీఐఎల్. మనకు దక్షిణాన తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్టణంలో కొత్త రాకెట్ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న పునాదిరాయి పడింది. ఉత్తరాన శ్రీహరికోట, దక్షిణాన కులశేఖరపట్టణం, మధ్యలో మనం.

కానీ ఇదే ప్రాంతంలో ఒక చేదు పాఠమూ ఉంది. తేని జిల్లా పొట్టిపురం కొండ కింద న్యూట్రినో పరిశోధనశాల కట్టడానికి 2015 జనవరిలో కేంద్రం ఒప్పుకుంది. ఊరివాళ్లకు నీటి గురించి, కొండ గురించి, అడవి గురించి భయాలు కలిగాయి. చివరికి 2022 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం అనుమతి ఇచ్చేది లేదని సుప్రీంకోర్టుకు చెప్పింది. ఎవరిది తప్పన్నది వేరే చర్చ. కానీ న్యూట్రినో అంటే ఏమిటో ఊరి భాషలో, ఊరి మనిషికి ముందే చెప్పి ఉంటే, వాళ్ల ప్రశ్నలకు కూర్చుని జవాబిచ్చి ఉంటే, ఒప్పుకున్నా కాదన్నా తెలిసి చేసేవాళ్లు. తెలియని దాన్ని మనిషి నమ్మడు, నమ్మాల్సిన అవసరమూ లేదు.

మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు ఈ సంగతి 150 ఏళ్ల కిందటే గ్రహించారు. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యుడికి అడ్డం వస్తాడని, దాన్ని జనం భయం లేకుండా చూడాలని, మన దేశ భాషల్లో చిన్న పుస్తకాలు వేయించారు. అలాంటి పని ఇప్పుడు మన ఇళ్లలో జరగాలి. మన పిల్లలు బడిలో తమిళంలోనో ఇంగ్లీషులోనో చదువుతారు. అమ్మమ్మతో, నాయనమ్మతో తెలుగు మాట్లాడతారు. దాంతో చదువు మాట ఒకటి, ఇంటి మాట ఒకటి అయిపోయింది. తెలుగు వంటింటికీ పెళ్లికీ మాత్రమే అన్న అభిప్రాయం పిల్లల్లో నాటుకుంటోంది. భాష పోయేది ఆ దారినే. ఔటు చప్పుడుతో దిక్కు చెప్పడం, గోడ వేడితో సూర్యుణ్ని గుర్తుపట్టడం, కిటికీ జాలి నీడ, ఇవన్నీ తెలుగులో చెప్పడానికి పెద్ద మాటలేవీ అక్కరలేదు. రేడియేషన్, డిటెక్టర్ లాంటి మాటలు వస్తే రానివ్వండి, వాక్యం మనదైతే చాలు.

పదో తరగతి దాటిన పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. ఈ పనికి భౌతిక శాస్త్రం చదివినవాళ్లే కాదు, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్, లోహాల పని తెలిసినవాళ్లూ కావాలి. ఆస్ట్రోశాట్ లెక్కలు కొంత గడువు తరవాత అందరికీ తెరిచి పెడతారు. వాటిని చూడడానికి ఇంటర్నెట్ ఉన్న ఏ ఊరైనా ఒకటే.

దక్ష ఎగురుతుందా లేదా అన్నది ఢిల్లీలో, బెంగళూరులో తేలుతుంది. అయితే ఇలాంటి వాటికి డబ్బు పెట్టాలా వద్దా అని మన పార్లమెంటు సభ్యుణ్ని అడగడానికి మనకు హక్కుంది. అడగాలంటే ముందు మనకు తెలియాలి. ఎక్కడో 13 కోట్ల ఏళ్ల కింద బయలుదేరిన మెరుపు రేపో ఎల్లుండో భూమిని తాకవచ్చు. అది మన తీరిక కోసం ఆగదు. ఆ రెండు సెకన్లూ మన దేశపు కన్ను తెరిచి ఉండాలా, మూసి ఉండాలా అన్నది ఇప్పుడు తీసుకోవాల్సిన నిర్ణయం.